డేటా సెంటర్‌లో స్విచ్‌కి ఎంత తెలివి ఉండాలి?

ఉదయం పది గంటలకు ఏసీ తరగతుల తత్కాల్ బుకింగ్ మొదలవుతుంది. ఢిల్లీలో ఉండే తెలుగువాళ్ళలో కొందరు ఏపీ ఎక్స్‌ప్రెస్ కోసం, కొందరు తెలంగాణ ఎక్స్‌ప్రెస్ కోసం ఫోన్ పట్టుకుని కూర్చుంటారు. డబ్బు కట్టాక తెర మీద చిన్న చక్రం తిరుగుతుంది. ఆ కాస్త సమయంలో ఎక్కడో ఒక సర్వర్ ‘ఈ బెర్తు ఫలానా వారిది’ అని రాసిపెట్టుకోవాలి. రాశాకే మనకు టికెట్ వచ్చినట్టు.

రాయడం అంటున్నాం సరే, ఎక్కడ రాస్తుంది? సర్వర్ లోపల ఉండే డిస్కులో అని చాలామంది అనుకుంటారు. ఫిజిక్స్ ఎమ్మెస్సీ చదివే రోజుల్లో నేనూ అలాగే అనుకునేవాణ్ణి. పెద్ద డేటా సెంటర్లలో చాలాచోట్ల అలా ఉండదు. లెక్కలు చేసే సర్వర్లు ఒక వరసలో ఉంటాయి, డిస్కుల బీరువాలు ఇంకో వరసలో ఉంటాయి. సర్వర్ పాడైతే దాని పని ఇంకో సర్వర్ అందుకోవాలి కాబట్టి డేటాని సర్వర్‌తో ముడిపెట్టరు. అంటే ప్రతి రాత, ప్రతి చదువు కొన్ని పదుల మీటర్ల తీగ మీద ప్రయాణించి రావలసిందే. మధ్యలో స్విచ్‌లు ఉంటాయి.

ఆ స్విచ్‌ని అమర్చే ఇంజినీరుకి మొదట్లోనే ఒక ప్రశ్న ఎదురవుతుంది: దీన్ని ఏ మోడ్‌లో పెట్టాలి? పూర్తి స్థాయి స్విచ్‌లా పనిచేయించాలా, లేక పై స్విచ్ చెప్పినట్టు వినే తోక స్విచ్‌గా ఉంచాలా? ఒక్కో కంపెనీ దీనికి ఒక్కో పేరు పెట్టింది. సిస్కోలో ఒకచోట ఎన్‌పీవీ, ఇంకోచోట ఎండ్ హోస్ట్ మోడ్. బ్రొకేడ్‌లో యాక్సెస్ గేట్‌వే. పేర్లు వేరైనా ప్రశ్న ఒకటే. సెట్టింగుల తెరలో ఒకే ఒక్క ఎంపికలా కనిపిస్తుంది గానీ, తర్వాత ఐదారేళ్ళ పాటు ఆ డేటా సెంటర్‌లో ఒక చోట జరిగిన తప్పు ఎంత దూరం పాకుతుందో తేల్చేది చాలావరకు అదే.

ఢిల్లీ చుట్టుపక్కల ఇది పుస్తకాల చర్చ కాదు. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ నడిపే జాతీయ డేటా సెంటర్లలో ఒకటి యమునకు తూర్పున శాస్త్రి పార్కులో ఉంది. హైదరాబాద్, పుణె, భువనేశ్వర్‌లలో ఉన్నవి దానికి తోబుట్టువులు. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 2021లో డేటా సెంటర్ల విధానం ప్రకటించాక నోయిడా, గ్రేటర్ నోయిడాల్లో కిటికీలు లేని భవనాలు వరసగా లేచాయి. యోటా కంపెనీ గ్రేటర్ నోయిడాలో కట్టిన మొదటి భవనం 2022 అక్టోబర్‌లో ప్రారంభమైంది. ఇలాంటి భవనాల్లో ఒకే కప్పు కింద బ్యాంకులు, ఆస్పత్రులు, ప్రభుత్వ శాఖలు, ఆన్‌లైన్ దుకాణాలు పక్కపక్కనే కాపురం ఉంటాయి.

లైన్ క్లియర్ లేనిదే బండి కదలదు

మామూలు ఈథర్‌నెట్ స్విచ్‌కి ఒక మొండి అలవాటు ఉంది. తన దగ్గర జాగా అయిపోతే, కొత్తగా వచ్చిన ప్యాకెట్‌ని పారేస్తుంది. ఎవరికీ చెప్పదు. మనం చూసే వీడియోకి, మెయిల్‌కి దీనివల్ల పెద్ద నష్టం లేదు. ప్యాకెట్ అందలేదని టీసీపీ అనే నియమావళి కనిపెట్టి మళ్ళీ పంపుతుంది.

డిస్కుతో మాట్లాడే భాష అలాంటిది కాదు. స్కజీ అని పిలిచే ఆ భాష 1986లో ప్రమాణంగా మారింది. అప్పట్లో కంప్యూటర్‌కీ డిస్కుకీ మధ్య ఉన్నది కొద్దిపాటి పొడవు కేబుల్. అందులో మాట మధ్యలో మాయమవుతుందన్న ఊహే ఎవరికీ లేదు. అదే భాషని ఇవాళ వందల సర్వర్ల నెట్‌వర్క్ మీద మాట్లాడుతున్నాం. ఒక ముక్క పోతే ఏమవుతుంది? పంపినవాడు జవాబు కోసం ఎదురుచూస్తాడు. లినక్స్‌లో డిస్కు ఆదేశానికి మామూలుగా ఉండే గడువు 30 సెకన్లు. ఫ్లాష్ డిస్కు ఒక రాతకు తీసుకునేది సెకనులో పదివేలో వంతు. అంటే ఒక్క ముక్క పోయినందుకు మూడు లక్షల రాతలకు పట్టే కాలం వృథా! తత్కాల్ వేళ 30 సెకన్లంటే రైలు నిండిపోవడమే.

అందుకే నిల్వ కోసం ఫైబర్ చానల్ అనే ప్రత్యేక నెట్‌వర్క్ పుట్టింది. 1994లో దానికి అమెరికా ప్రమాణాల సంస్థ ముద్ర పడింది. ఇందులో అవతలి వైపు జాగా ఉందని ముందే తెలియనిదే ఇవతలి వాడు ఫ్రేమ్ పంపడు. పాత సింగిల్ లైన్ రైల్వే స్టేషన్ చూసినవారికి ఇది కొత్తేం కాదు. ముందు స్టేషన్ ‘లైన్ క్లియర్’ ఇస్తేనే బండి కదులుతుంది. ఫైబర్ చానల్‌లో ఆ లైన్ క్లియర్‌ని క్రెడిట్ అంటారు. చేతిలో పది క్రెడిట్లుంటే పది ఫ్రేములు పంపొచ్చు. ఒక్కో ఫ్రేమ్ అక్కడ ఖాళీ అయ్యాక ఒక్కో క్రెడిట్ వెనక్కి వస్తుంది. దారి కిక్కిరిసినా ఫ్రేములు ఆగుతాయే తప్ప పోవు.

పారేయకపోవడానికి మూల్యం లేకపోలేదు. ఒక సర్వర్ నత్తనడక నడుస్తూ క్రెడిట్లు ఆలస్యంగా తిరిగిస్తే, దాని వెనక స్విచ్‌లో ఫ్రేములు పేరుకుంటాయి. ఆ స్విచ్ తన వెనకవాడికి క్రెడిట్ ఇవ్వలేదు. అలా ఒక బండి ఆగితే వెనక నాలుగు స్టేషన్లలో బళ్ళు ఆగినట్టు, ఏ సంబంధం లేని సర్వర్లు కూడా నెమ్మదిస్తాయి. ఏ స్విచ్ ఎవరితో ఎలా ముడిపడి ఉందన్న ప్రశ్నకు అంత బరువు రావడానికి ఇదొక కారణం.

సొంత పిన్‌కోడ్ ఉన్న స్విచ్, లేని స్విచ్

ఫైబర్ చానల్ చిరునామా 24 బిట్లది. అందులో మొదటి 8 బిట్లు స్విచ్‌ని గుర్తిస్తాయి. దీన్ని డొమైన్ ఐడీ అంటారు. మిగిలిన 16 బిట్లు ఆ స్విచ్ కింద ఏ పోర్టు, ఏ పరికరమో చెబుతాయి. పల్లెటూరి ఉత్తరాల లెక్కలో చూస్తే డొమైన్ ఐడీ పిన్‌కోడ్ లాంటిది.

పూర్తి స్విచ్ మోడ్‌లో పెట్టిన ప్రతి స్విచ్‌కీ సొంత పిన్‌కోడ్ ఉంటుంది. అది ఉంటే చాలదు. అన్ని స్విచ్‌లూ కలిసి తమలో ఒకదాన్ని పెద్దగా ఎన్నుకోవాలి. ఆ పెద్ద స్విచ్ డొమైన్ ఐడీలు పంచుతుంది. ఎవరికి ఏ దారి దగ్గరో ప్రతి స్విచ్చూ లెక్క కట్టుకోవాలి. ఎవరెవరు ఊళ్ళో ఉన్నారో చెప్పే పేర్ల పట్టిక, ఎవరు ఎవరితో మాట్లాడొచ్చో చెప్పే జోన్ల పట్టిక అన్నిచోట్లా సరిపోలాలి. ఎక్కడైనా కొత్త స్విచ్ చేరినా, పాతది పోయినా ఈ సమాచారం అందరి మధ్యా మళ్ళీ తిరుగుతుంది.

స్విచ్‌లు నాలుగైదు ఉన్నంతవరకు ఇది ముచ్చటగానే ఉంటుంది. ప్రమాణం ప్రకారం వాడుకోగల డొమైన్ ఐడీలు 239. ఆచరణలో తయారీదారులు హామీ ఇచ్చేది అంతకంటే చాలా తక్కువ. బ్లేడ్ సర్వర్ల పెట్టె ఒక్కోదానిలో సొంత స్విచ్ ఉంటుంది. అలాంటి పెట్టెలు నలభై పెడితే నలభై డొమైన్లు. ల్యాబ్‌లో వాడిన స్విచ్‌ని పాత సెట్టింగులు తుడవకుండా తెచ్చి తగిలించారనుకోండి. దాని డొమైన్ ఐడీ ఇప్పటికే వాడుకలో ఉన్నదైనా, దాని జోన్ల పట్టిక ఇక్కడి పట్టికతో పొసగకపోయినా ఆ లింకు కలవదు. స్విచ్ వెలివేసినట్టు విడిగా ఉండిపోతుంది. నిజానికి అది కలవకపోవడమే మంచిది. పొసగినట్టే కనిపించి పాత ల్యాబ్ జోన్లు అసలు వాటిలో కలిసిపోవడం అంతకంటే చెడ్డది.

రెండో మోడ్‌లో స్విచ్ ఈ పెద్దరికమంతా వదులుకుంటుంది. మన పల్లెల్లో బ్రాంచి పోస్టాఫీసుకి సొంత పిన్‌కోడ్ ఉండదు, పై సబ్ పోస్టాఫీసు పిన్‌కోడే రాస్తాం. ఎన్‌పీవీ స్విచ్ కూడా అంతే. దానికి డొమైన్ ఐడీ లేదు. పెద్ద ఎన్నికల్లో ఓటు లేదు. దారులు లెక్క కట్టదు. జోన్లు అమలు చేయదు. కింద సర్వర్ లాగిన్ అడిగితే ఆ అభ్యర్థనని పై స్విచ్‌కి అందిస్తుంది. పై స్విచ్ తన సొంత పిన్‌కోడ్‌తో ఆ సర్వర్‌కి చిరునామా ఇస్తుంది. పై స్విచ్ కళ్ళకి ఇదంతా స్విచ్‌లా కాక, ఒకే తీగ చివర పదిమంది సర్వర్లు కూర్చున్నట్టు కనిపిస్తుంది. ఒకే పోర్టు మీద ఇంతమందికి లాగిన్ ఇవ్వడానికి పై స్విచ్‌లో ఎన్‌పీఐవీ అనే సౌకర్యం ఉండాలి. కింద ఎన్‌పీవీ, పైన ఎన్‌పీఐవీ. మధ్యలో ఒక్క అక్షరం తేడా. ఈ పేర్లు పెట్టినవారికి పుణ్యం ఉంటుంది!

లాభం కళ్ళెదురుగానే ఉంది. నలభై పెట్టెలు తగిలించినా కొత్త డొమైన్ ఒక్కటీ పెరగదు. పెట్టె తీసేసినా పై స్విచ్‌ల మధ్య కల్లోలం ఉండదు. పైన ఒక కంపెనీ, కింద ఇంకో కంపెనీ స్విచ్ ఉన్నా పెద్దగా పేచీ రాదు, ఎందుకంటే వాళ్ళిద్దరూ స్విచ్‌లుగా మాట్లాడుకోవడమే లేదు.

మరి పోయేదేంటి? ఒకే ఎన్‌పీవీ స్విచ్ కింద ఉన్న ఇద్దరు మాట్లాడుకోవాలన్నా మాట పైదాకా వెళ్ళి రావాలి. డిస్కుల బీరువాని నేరుగా దీనికి తగిలించలేం, పై స్విచ్‌కే తగిలించాలి. అన్నిటికంటే ముఖ్యమైన తేడా తీగ తెగినప్పుడు బయటపడుతుంది. పూర్తి స్విచ్ మోడ్‌లో ఒక దారి పోతే స్విచ్‌లే ఇంకో దారి చూసుకుంటాయి, సర్వర్ లాగిన్ చెక్కుచెదరదు. ఎన్‌పీవీలో ప్రతి సర్వర్‌నీ ఒక పై తీగకి ముడివేస్తారు. ఆ తీగ పోతే ఆ సర్వర్లన్నీ లాగౌట్ అయ్యి, ఇంకో తీగ మీద మళ్ళీ లాగిన్ కావాలి. ఆ కుదుపు సర్వర్‌కి తెలుస్తుంది. దాన్ని తట్టుకోవడానికే నిల్వ నెట్‌వర్క్‌లో అన్నీ రెండేసి పెడతారు. ఎ వైపు ఒక నెట్‌వర్క్, బి వైపు ఒక నెట్‌వర్క్, రెండింటి మధ్య ఒక్క తీగ కూడా ఉండదు. సర్వర్‌లోని మల్టీపాత్ సాఫ్ట్‌వేర్ ఎ వైపు ఆగగానే బి వైపు నుంచి పని కానిస్తుంది.

ఎవరికి ఏది కనిపించాలి

2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్‌లో ఈ-హాస్పిటల్ సర్వర్లు ఆగిపోయాయి. రోగుల నమోదు, రిపోర్టులు, బిల్లులు రోజుల తరబడి కాగితం మీదకు మళ్ళాయి. తర్వాత ప్రభుత్వం పార్లమెంటుకి చెప్పిన వివరాల ప్రకారం ఐదు సర్వర్లు దెబ్బతిన్నాయి, దాదాపు 1.3 టెరాబైట్ల డేటాని దుండగులు ఎన్‌క్రిప్ట్ చేశారు. నెట్‌వర్క్‌ని సరిగ్గా విభజించకపోవడాన్ని కారణంగా చూపింది. బ్యాకప్ నుంచి డేటాని తిరిగి రాబట్టగలిగారు.

ఇది ఫైబర్ చానల్ స్విచ్ మోడ్ వల్ల జరిగిన సంఘటన కాదు, రాన్సమ్‌వేర్ దాడి. దీన్ని ఇక్కడ చెప్పడానికి కారణం ‘విభజన’ అన్న ఆ ఒక్క మాట. నిల్వ నెట్‌వర్క్‌లో విభజన పనిచేసేది జోన్ల ద్వారానే. ఫలానా సర్వర్‌కి ఫలానా బీరువా తప్ప మరోటి ఉన్నట్టే తెలియకూడదు. తెలిస్తే ఏమవుతుందో చెప్పడానికి దుండగులు కూడా అక్కర్లేదు. కొత్తగా పెట్టిన సర్వర్ తనకు కనిపించిన ఖాళీ డిస్కు తనదేననుకుని ఫార్మాట్ చేస్తే చాలు, అది పక్కింటివారి ఖాతాల పుస్తకం కావచ్చు.

ఎండ్ హోస్ట్ మోడ్‌లో జోన్లు పై స్విచ్‌ల దగ్గరే, ఒకేచోట ఉంటాయి. నిల్వ బృందం వాటిని చూసుకుంటుంది. పూర్తి స్విచ్ మోడ్‌కి మార్చితే సర్వర్ బృందం చేతిలో ఉన్న స్విచ్ కూడా జోన్ల వ్యవహారంలో భాగస్వామి అవుతుంది. సాంకేతికంగా రెండూ సరైనవే. కానీ పదిమంది కాపురాలున్న భవనంలో తాళంచెవులు ఎన్ని చేతుల్లో ఉండాలన్నది సాంకేతిక ప్రశ్న మాత్రమే కాదు. నన్నడిగితే పెద్ద డేటా సెంటర్లో అంచున ఉన్న స్విచ్‌కి ఎంత తక్కువ తెలిస్తే అంత మంచిది.

చిన్న చోట్ల లెక్క మారుతుంది. ఒక కాలేజీ, ఒక చిన్న ఆస్పత్రి అనుకోండి. ఉన్నదల్లా ఒక ర్యాకు, కొన్ని సర్వర్లు, ఒక డిస్కుల బీరువా. పైన వేరే నిల్వ స్విచ్‌లు కొనే స్తోమత లేదు, అవసరమూ లేదు. అక్కడ ఎండ్ హోస్ట్ మోడ్ పెడితే పై స్విచ్ లేని తోక అవుతుంది, ఎవరికీ లాగిన్ దొరకదు. బీరువాని నేరుగా తగిలించి, పూర్తి స్విచ్ మోడ్ పెట్టి, జోన్లు అక్కడే రాసుకోవాలి. పెద్దచోట చూసిన నమూనాని చిన్నచోట యథాతథంగా దించేవారు సాధారణంగా తడబడేది ఇక్కడే.

యమున దాటితే, వింధ్య దాటితే

దూరం వచ్చేసరికి భౌతికశాస్త్రం తన వాటా అడుగుతుంది. గాజు తీగలో కాంతి కిలోమీటరుకి 5 మైక్రోసెకన్లు తీసుకుంటుంది. ఢిల్లీలో ఒక డేటా సెంటర్, నోయిడాలో దాని నకలు, మధ్యలో 20 కిలోమీటర్ల తీగ అనుకుందాం. పోయి రావడానికి 200 మైక్రోసెకన్లు. 16 గిగాబిట్ ఫైబర్ చానల్‌లో పూర్తి సైజు ఫ్రేమ్ దాదాపు 2,148 బైట్లు, దాన్ని తీగ మీదకు ఎక్కించడానికి సుమారు 1.3 మైక్రోసెకన్లు చాలు. మొదటి ఫ్రేమ్‌కి లైన్ క్లియర్ తిరిగి వచ్చేలోపు దాదాపు 150 ఫ్రేములు బయల్దేరగలవు. కాబట్టి ఆ పోర్టుకి 150 క్రెడిట్లు కావాలి. 16 మాత్రమే ఉంటే? తీగ ఎంత మంచిదైనా పదో వంతు వేగమే దక్కుతుంది. మిగతా కాలమంతా తీగ ఖాళీగా మెరుస్తూ ఉంటుంది.

అందుకే దూరపు తీగల్ని అంచు స్విచ్‌లకు అప్పగించరు. చాలినన్ని క్రెడిట్లు ఇవ్వగల, పూర్తి స్విచ్ మోడ్‌లో ఉన్న నడిమి స్విచ్‌లకే ఇస్తారు. రెండు ఊళ్ళ నెట్‌వర్క్‌లనూ ఒకటిగా కలిపేయకుండా, అవసరమైన పరికరాలకు మాత్రమే దారి తెరిచే రూటింగ్ పెడతారు. లేకపోతే నోయిడాలో ఒక స్విచ్ రీస్టార్ట్ అయిన కలవరం ఢిల్లీ దాకా పాకుతుంది.

హైదరాబాద్ సంగతి వేరు. 2002 నాటి భూకంప ప్రమాద పటంలో ఢిల్లీ 4వ జోన్‌లో, హైదరాబాద్ 2వ జోన్‌లో ఉన్నాయి. అందుకే దూరపు నకలుకి మన దక్కన్ పీఠభూమి మంచి చోటు. కానీ గగన మార్గంలోనే దాదాపు 1,250 కిలోమీటర్లు. కాంతి పోయి రావడానికి కనీసం 12.5 మిల్లీసెకన్లు. ప్రతి రాతకూ అంతసేపు ఆగితే తత్కాల్ లాంటి రద్దీని లాగడం కష్టం. కాబట్టి నోయిడాతో వెంటవెంటనే, హైదరాబాద్‌తో కాస్త వెనకగా నకలు ఉంచుతారు. ఆ ‘కాస్త వెనక’లో ఉన్నది ప్రమాదం వస్తే పోతుందని ముందే ఒప్పుకోవాలి.

మోడ్ అన్న మాటకి ఇంకో అర్థం కూడా ఉంది. ఫ్రేమ్ మొత్తం అందాక తప్పొప్పులు చూసి ముందుకు పంపే స్విచ్‌లు కొన్ని, తల కనబడగానే తోక రాకముందే పంపేసేవి కొన్ని. 32 గిగాబిట్ వేగంలో ఈ రెండింటికీ తేడా ఒక్కో స్విచ్ దగ్గర దాదాపు 0.7 మైక్రోసెకన్లు. వంద మైక్రోసెకన్లు తీసుకునే డిస్కు ముందు అదెంత? అమ్మకాల కరపత్రాల్లో దీనికి దక్కే చోటు చూసి నవ్వొస్తుంది.

ఈథర్‌నెట్ మీదికి మారితే

నిల్వకొకటి, మిగతా పనులకొకటి అంటూ రెండు నెట్‌వర్క్‌లు ఎందుకని, ఫైబర్ చానల్ ఫ్రేమ్‌ని ఈథర్‌నెట్ కవరులో పెట్టి పంపే పద్ధతి 2009లో రూపుదిద్దుకుంది. పారేసే అలవాటున్న ఈథర్‌నెట్‌ని మార్చడానికి, ఒక్క తరగతి ఫ్రేములకు మాత్రం ‘ఆగు’ అని చెప్పే ఏర్పాటు చేశారు. మోడ్ ప్రశ్న అక్కడికీ వెంట వచ్చింది. స్విచ్ తానే ఫైబర్ చానల్ పెద్దగా ఉండాలా, బ్రాంచి పోస్టాఫీసులా ఉండాలా, లేక లాగిన్ల మీద కన్నేసి ఉంచే కాపలాదారుగా ఉంటే చాలా అని. ‘ఆగు’కీ దాని చిక్కులు దానికున్నాయి. మైక్రోసాఫ్ట్ ఇంజినీర్లు 2016లో ప్రచురించిన పరిశోధన పత్రంలో, చెడిపోయిన నెట్‌వర్క్ కార్డు ఒకటి ఆపకుండా ‘ఆగు, ఆగు’ అని అరిస్తే చుట్టుపక్కల నెట్‌వర్క్ ఎలా స్తంభించిందో రాశారు.

2018లో వచ్చిన ఎన్‌వీఎంఈ ఓవర్ టీసీపీ దారి వేరు. ఫ్రేములు పోతే పోనీ, టీసీపీ మళ్ళీ పంపుతుందిలే అంటుంది. దానికి డొమైన్లు, లాగిన్లు లేవు. కొత్తగా కట్టే చోట నేనైతే ముందు దాన్నే పరిశీలిస్తాను. అయితే నడుస్తున్న బ్యాంకులో, ఆస్పత్రిలో ఉన్న బీరువాలు రాత్రికి రాత్రి మారవు, కాబట్టి పాత ప్రశ్న ఇంకొన్నేళ్ళు ఉంటుంది.

మోడ్ ముందే ఆలోచించి పెట్టాలనడానికి కారణం, తర్వాత మార్చడం చిన్న పని కాకపోవడం. సిస్కో ఎమ్‌డీఎస్ స్విచ్‌లో ఎన్‌పీవీ మోడ్ ఆన్ చేస్తే ఉన్న కాన్ఫిగరేషన్ చెరిగిపోయి స్విచ్ రీస్టార్ట్ అవుతుంది. అదే కంపెనీ యూసీఎస్ వ్యవస్థ పాత వెర్షన్లలో అయితే ఫైబర్ చానల్ మోడ్ మార్చగానే ఎ వైపు, బి వైపు పెట్టెలు రెండూ ఒకేసారి రీస్టార్ట్ అయ్యేవి. రెండేసి పెట్టుకున్న జాగ్రత్త ఆ క్షణంలో ఎందుకూ కొరగాదు. తర్వాతి వెర్షన్లలో ఒకదాని తర్వాత ఒకటిగా మార్చారు. అప్పుడు కూడా ఎ వైపు పైకి లేచి, ప్రతి సర్వర్‌లోనూ దారులు రెండూ తిరిగి కనిపించాయని లెక్కపెట్టి చూసుకున్నాకే బి వైపు చేయి పెట్టాలి. ఎక్కడో ఒక సర్వర్‌కి మల్టీపాత్ అమర్చడం మరిచిపోయి ఉంటే అది బయటపడేది ఆ రాత్రే.